టైలరు ఇంటికే తిరిగిన ప్రార్థన వంతు

ముసలితనంలో నీకు కొడుకు పుడతాడని చెబితే గుడారం తలుపు చాటున నిలబడి నవ్విన తల్లిని శిక్షించకుండా, ఆ పుట్టినవాడికి నవ్వు అని అర్థం వచ్చే పేరే పెట్టించిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన సన్నిధిలో నవ్వకూడదని చిన్నప్పటి నుంచీ నాకు చెప్పినవాళ్ళు చాలామంది. ఆయన మాత్రం ఎన్నడూ చెప్పలేదు. నా నోటికి వాక్యాన్నీ, వేళ్ళకు కంప్యూటరు మీటలనీ, రెండింటికీ సరిపడా తుంటరితనాన్నీ ఇచ్చినవాడు ఆయనే. మహిమంతా ఆయనకే చెల్లించి, ఇక జరిగింది చెబుతాను.

మా అమ్మ ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే మనిషి. పొద్దున మనూరు బస్సెక్కితే పొద్దు వాలే వేళకు దిగేది. ఆమె కొంగు పట్టుకుని తిరిగినందువల్ల నాకు అక్షరాల కంటే ముందు వాక్యమే వచ్చింది. తర్వాత అక్షరాలూ వచ్చాయి, హైదరాబాదు హాస్టల్లో ఉండి చేసిన కంప్యూటరు కోర్సూ వచ్చింది. తొంభైలలో నారాయణఖేడ్ బస్టాండు ఎదురుగా, సైకిలు షాపు పైగదిలో మొదటి కంప్యూటరు సెంటరు తెరిచినప్పుడు అందులో పాఠాలు చెప్పేదాన్ని నేనే. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. కంప్యూటరు మీద పూల గుడ్డ కప్పి ఉండేది. కరెంటు ఉన్నప్పుడు పాఠం, లేనప్పుడు ప్రశ్నలు. కరెంటు తక్కువగా ఉండేది కాబట్టి మా పిల్లలకు ప్రశ్నలు బాగా వచ్చేవి.

నాకు అన్నింటికంటే ఇష్టమైన పాఠం గళ్ళ ప్రోగ్రాం. తెర నిండా అడ్డం నిలువు గళ్ళు. ఒక గడిలో సూత్రం రాస్తే అది పక్క గళ్ళను చూసి జవాబు తెచ్చి చూపిస్తుంది. చేతితో వరసగా చేయాల్సిన పనులను ఒకచోట రాసిపెట్టి, ఒక్క మీట నొక్కితే అవన్నీ తమంతట తామే జరిగిపోయేటట్టు చేయవచ్చు. దాన్ని మాక్రో అనేవాళ్ళం. మా పిల్లలు మంత్రం అనేవాళ్ళు. నేను వాళ్ళను గద్దించేదాన్ని గాని, మీట నొక్కినప్పుడల్లా నాకూ అదే అనిపించేది. దేవుడు క్షమించుగాక.

ఇక వంతుల సంగతి. మా సంఘంలో ప్రతి బుధవారం సాయంత్రం ఒకరింట్లో ప్రార్థన జరుగుతుంది. పాటలు, వాక్యం, ప్రార్థన, చివర ఆ ఇంటివాళ్ళు పెట్టే టీ, మిరపకాయ బజ్జీలు. ప్రార్థన ఎవరింట జరిగితే ఆ ఇంటికి దీవెన అని అందరి నమ్మకం. అందుకే వంతు కోసం అందరూ పోటీపడేవాళ్ళు. చీట్లు వేసి తీసేవాళ్ళం. చీట్లు వేయడం లేఖనాల్లో ఉన్నదే, తప్పు లేదు. తప్పల్లా చీటీలు మడవడంలో ఉండేది. ఒకాయన తన చీటీని గోలీలా గట్టిగా ఉండచుట్టేవాడు, తీసే చేతికి తగలాలని. ఒకామె తన చీటీకి అత్తరు పూసింది. తీసిన చేయి ఎవరిదో, ఆ చేతికి ఏం వాసన వచ్చిందో అని ఆరాధన అయిపోయాక కూడా చర్చి మెట్ల మీద విచారణ జరిగేది. దాని మీద ఒకసారి రెండు కుటుంబాలు మాటలు మానేసి, క్రిస్మస్ నాడు కూడా వేరువేరు తలుపుల గుండా చర్చిలోకి వచ్చాయి.

విసిగిపోయిన మా పాస్టరు అయ్యగారు ఒక ఆదివారం నన్ను పిలిచి అడిగారు. "బిడ్డా, నీ మిషిన్ చీట్లు తీస్తదా?"

"తీస్తది అయ్యగారూ."

"అత్తరు వాసన చూస్తదా?"

"దానికి ముక్కు లేదు అయ్యగారూ."

"అట్లయితే మన సంఘంల దానికంటే నీతిమంతుడు లేడు," అన్నారాయన.

ఆ వేసవిలో వంతు కోసం అందరికంటే ఎక్కువ ఎదురుచూస్తున్నది చర్చి వెనక సందులో ఉండే ఒక అవ్వ. ఆమె మొగుడు బతికినన్నాళ్ళూ బుధవారం ప్రార్థనలకు గ్యాసుబత్తి మోసినవాడు. వీధిదీపాలు లేని రోజుల్లో ఆ బత్తి పట్టుకుని ముందు నడిచేవాడు, సంఘమంతా వెనక నడిచేది. ఊళ్ళో అతనిని గ్యాసుబత్తాయన అనేవాళ్ళు. తన గుడిసె పడగొట్టి రెండు గదుల రేకుల ఇల్లు కట్టడం మొదలుపెట్టి, పైకప్పు పడకముందే ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. అవ్వ మేకలమ్మి మిగతా పని చేయించింది. కట్టడం పూర్తయింది గాని ఆమె మాత్రం లోపలికి పోలేదు. తలుపుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, సొంత ఇంటి గోడకే గోనెపట్టాలు కట్టుకుని వాటి కింద వండుకుని తినేది. సంఘం వచ్చి ప్రార్థన చేయకుండా కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించనని పట్టు పట్టింది.

అయ్యగారు తానొక్కడే వచ్చి ప్రార్థన చేస్తానన్నారు. అవ్వ ఒప్పుకోలేదు. "ఆయన అందరిండ్లకు బత్తి వట్టిండు. అందరు ఆయనింటికి రావాలె. అది గూడ వంతు వచ్చే రావాలె. ముసల్దని జాలి వడి వచ్చుడు నాకొద్దు," అంది.

అప్పటికే ఎండలు ముదిరాయి. వానలు పడితే ఆ గోనెపట్టాలు ఒక్కరోజు కూడా ఆగవు. అది అందరికీ తెలుసు, అవ్వకూ తెలుసు. ఆమె మాత్రం మేఘం కనిపిస్తే మేఘాన్నే తిట్టేది.

నేను సంఘ పెద్దను కూచోబెట్టుకుని కుటుంబాల పేర్లన్నీ కంప్యూటరులోకి కొట్టాను. ఆయన సర్కారు దవాఖానలో కాంపౌండరుగా చేసి దిగిపోయినవాడు. ఏ విషయమైనా మందు మోతాదులా చెప్పేవాడు. పేర్లు ఒకచోట కొట్టాను. వేరొకచోట అవే పేర్లు మళ్ళీ కొట్టి, వాటికి ఎదురుగా ఇళ్ళ ఆనవాళ్ళు కొట్టాను. చర్చి గేటు పక్కనుంచి మొదలుపెట్టి సందుల వరసన. మీట నొక్కితే మిషిన్ పేర్లలో ఒక పేరును తనకు తోచినట్టు ఎంచుకోవాలి. ఆ పేరు పట్టుకుని రెండోచోటికి వెళ్ళి, ఇల్లెక్కడో వెతికి తెచ్చి, పేరూ ఇల్లూ కలిపి తెర మీద చూపించాలి.

మొదటి శనివారం పరీక్ష కోసం అయ్యగారు, సంఘ పెద్ద, ఇంకొందరు చెప్పులు విడిచి మేడెక్కి వచ్చారు. అవ్వ కూడా వచ్చి గుమ్మంలో కూచుంది. నేను మీట నొక్కాను. ఒక పేరు వచ్చింది. అందరూ "స్తోత్రం" అన్నారు. అంతలో సంఘ పెద్ద చదవడానికి ముందుకు వంగి, చేయి ఆనించబోయి ఏదో మీట తాకాడు. పేరు మారిపోయింది. ఆయన ఉలిక్కిపడి చేయి తీయబోయి మళ్ళీ తాకాడు. మూడో పేరు వచ్చింది.

"ఏందే పిల్లా గిది!" అన్నాడు. "దేవుడు మార్పులేనోడు గదా. గిట్ల గడియకోసారి మాట మారుస్తడా?"

దేవుడు మార్చలేదు, సూత్రం మార్చింది. పేరును ఎంచడానికి తోచిన అంకె ఇచ్చే సూత్రం ఎలాంటిదంటే, ఏ మీట తగిలినా అది మళ్ళీ కొత్తగా తోచుకుంటుంది. వచ్చిన అంకెను వచ్చినచోటే గట్టిపరిచే పనిని కూడా మాక్రోలో చేర్చాను. పని పూర్తయిందని తెలియడానికి చివర టింగుమని ఒక మోత పెట్టాను. ఆ మోత వినగానే గదిలో ఉన్నవాళ్ళందరూ ఎవరూ చెప్పకుండానే "ఆమెన్" అన్నారు. ఆ అలవాటు మా కంప్యూటరు సెంటరులో తర్వాత కూడా పోలేదు. టైపు నేర్చుకోవడానికి వచ్చిన హిందువుల పిల్లలు సైతం టింగుమంటే ఆమెన్ అనేవాళ్ళు.

ఒకసారి వంతు వచ్చిన ఇంటిని తర్వాతి చీట్లలోంచి తీసేయాలా అని అడిగాను. సంఘ పెద్ద చేయి అడ్డం పెట్టాడు. "దేవునికి హద్దులు వెట్టకు. ఎవరికి ఎంత డోసు కావాల్నో ఆయనకు తెల్వదా? ఎవరింటికి ఎన్నిమార్లు పోవాల్ననుకుంటే గన్ని మార్లు పోనియ్యి."

అలాగే అనుకున్నాం. మీట నొక్కాను. టింగుమంది. చర్చి గేటు పక్క ఇల్లు వచ్చింది. అది మా సంఘంలో అందరి బట్టలు కుట్టే టైలరు ఇల్లు.

ఆ బుధవారం టైలరు కొత్త లుంగీ కట్టుకుని వాకిట్లో నిలబడి అందరి చేతులు పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. "మిషిన్ నన్నే పట్టింది, చూసిండ్రా?" అని ప్రతి ఒక్కరికీ చెప్పాడు. టైలరు భార్య వేసిన బజ్జీలు మా అమ్మ కూడా మెచ్చుకుంది. మా అమ్మ మెచ్చుకోవడం అరుదు.

తర్వాతి శనివారం మళ్ళీ చర్చి గేటు పక్క ఇల్లే వచ్చింది. టైలరు ఆ బుధవారం సాక్ష్యం చెప్పాడు. తనమీద దేవునికి ఏదో ప్రత్యేకమైన ఉద్దేశం ఉందని, అది ఇంకా బయటపడలేదని, అందరూ కనిపెట్టి చూడాలని కోరాడు. ఆ తర్వాత ఒక వారం వేరే ఇల్లు వచ్చింది. హమ్మయ్య అనుకున్నాం. దాని తర్వాత మళ్ళీ టైలరు. మళ్ళీ టైలరు.

జనం నిజంగానే కనిపెట్టి చూడడం మొదలుపెట్టారు. మొదట టైలరు నీతిమంతుడన్నారు. పోనుపోను మాట తిరిగింది. ఒక ఇంటికి ఇన్ని ప్రార్థనలు పంపిస్తున్నాడంటే లోపల ఏదో పెద్ద రోగమే ఉండి ఉండాలి కదా అని సంఘ పెద్ద అనుమానం వెలిబుచ్చాడు. "చిన్న జ్వరానికి ఒక గోలీ ఇస్తం. గన్ని ఇంజక్షన్లు ఎవనికి వొడుస్తం? నువ్వే ఆలోచించు," అన్నాడు. ఆ మాట సాయంత్రానికల్లా కల్హేరు బస్సెక్కి పోయి తెల్లారి తిరిగి వచ్చింది. కొలతకంటే ఎక్కువ గుడ్డ తీసుకుని ముక్కలు దాచుకుంటున్నాడని ఒకరు, దొంగచాటుగా లాటరీ ఆడుతున్నాడని ఒకరు అనుకున్నారు. ప్రార్థనలో జనం టైలరు కోసం కన్నీళ్ళతో మొరపెట్టసాగారు. "ప్రభువా, ఈ సహోదరుడు ఏం దాచిపెట్టిండో నీకు తెలుసు," అని ఒకాయన గట్టిగా ప్రార్థిస్తుంటే టైలరు ఒక కన్ను తెరిచి చూడడం నేను చూశాను. నేనెందుకు కన్ను తెరిచానని అడక్కండి.

టైలరు భార్య బజ్జీల పిండి కలుపుతూ మొగుణ్ణి నిలదీసింది. నేను అక్కడే మిరపకాయలు చీలుస్తున్నాను.

"ఏం జేసినవ్, నిజం జెప్పు."

"నేనేం జేసిన్నే?"

"ఏం జెయ్యకుంటే దేవుడు వారం వారం మనింటికే ఎందుకొస్తుండు? ఆయనకు వేరే పని లేదా?"

"నాకెట్ల ఎర్కనే? నీ బజ్జీలు నచ్చినయేమో!"

"శనగపిండి డబ్బా ఊడ్చి ఊడ్చి అడుగు గనవడ్తుంది. ఆయనకు నచ్చితే రొట్టెలు చేపలు పెంచినట్టు గీ పిండి పెంచుమను!"

ఇటు అవ్వ సంగతి వేరు. ఆమె ప్రతి శనివారం మేడెక్కి వచ్చి గుమ్మంలో కూచునేది. టింగుమన్న తర్వాత అందరూ ఆమెన్ అంటే ఆమె అనేది కాదు. లేచి కొంగు దులుపుకుని మెట్లు దిగిపోయేది. ఒక శనివారం మాత్రం నా దగ్గరకు వచ్చి తెర వైపు చూస్తూ అడిగింది. "పోరీ, మా ఆయన పేరు గిండ్ల ఉన్నదా?"

"ఉన్నది అవ్వా. చూడు." వేలు పెట్టి చూపించాను.

"ఉంటే మరి దేవునికి గనవడ్తలేదా?"

నాకు నవ్వు రాలేదు. మొదటిసారి ఆ గళ్ళను చూస్తే భయమేసింది. ఆ రోజు పడమట ఉరిమింది గాని వాన మాత్రం సిర్గాపూర్ వైపు పోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా తాతల కాలంలో ఒక పాస్టరుకు, సింహాల గుహలో పడేసినా వెంట్రుక కూడా రాలకుండా బయటికి వచ్చిన భక్తుని కథంటే ప్రాణం. ఆయన బాప్తిస్మమిచ్చిన మగపిల్లలలో ఎక్కువమందికి ఆ భక్తుని పేరే పెట్టాడు. పెట్టి పెట్టి, సంఘంలో ఒక తరం మగవాళ్ళలో సగందాకా అదే పేరు అయింది. మాకు ఇబ్బంది ఉండేది కాదు. ఆ పేరుతో ఎవరూ ఎవరినీ పిలవరు. టైలరును టైలరంటాం, గ్యాసుబత్తాయనను గ్యాసుబత్తాయన అంటాం. అసలు పేరు బాప్తిస్మం రోజున ఒకసారి, పెళ్ళిరోజున ఒకసారి, సమాధి దగ్గర ఒకసారి వినబడుతుంది. అందువల్ల ఆ పేరు ఎంతమందికి ఉందో మేం మరచిపోయాం. కంప్యూటరులో కొట్టిన నేనూ, చెప్పిన సంఘ పెద్దా కూడా.

ఆ ఆదివారం కల్హేరు నుంచి ఒక అతిథి పాస్టరు వచ్చి ప్రసంగించాడు. ఆయనకు మా మారుపేర్లు తెలియవు. కానుకల మీద ప్రార్థన చేయడానికి ఎవరి పేరో చిన్న కాగితం మీద రాసిస్తే, చూసి పిలిచాడు. ఆ భక్తుని పేరు గంభీరంగా పలికి, "ఆ సహోదరుడు ముందుకు రావాలి," అన్నాడు.

మగవాళ్ళ వైపు చాపల మీద వరసకు ఇద్దరు ముగ్గురు చొప్పున లేచి నిలబడ్డారు. వెనక గోడ దగ్గర ముసలాయన ఒకడు చెవి దగ్గర చేయి పెట్టుకుని తానూ లేచాడు. అందరూ ఒకరినొకరు చూసుకుంటుండగానే, ముందు వరసలో కూచునే టైలరు నాలుగు అంగల్లో బల్ల దగ్గరకు చేరుకుని కళ్ళు మూసుకున్నాడు. మిగతావాళ్ళు ఏమీ ఎరగనట్టు ధోవతులు సర్దుకుని కూచున్నారు.

నేను పగలబడి నవ్వాను. ప్రార్థన మధ్యలో. మా అమ్మ నా తొడ మీద గిల్లింది. ఆ గిల్లిన చోటు వారం రోజులు నల్లగా ఉంది. ఐనా నవ్వు ఆగలేదు. నా సూత్రం కూడా సరిగ్గా అదే చేస్తోంది మరి. మిషిన్ ఏ సందులోని ఏ మనిషిని ఎంచుకున్నా దాని చేతిలో మిగిలేది ఉత్త పేరే. ఆ పేరు పట్టుకుని ఇల్లు వెతకబోతే, ముందు వరసలో ఎవరున్నారో ఆ ఇంటి దగ్గరే ఆగిపోతుంది. తర్వాతి వరసల్లో అదే పేరు ఇంకా ఉందేమో చూడాలన్న బుద్ధి దానికి లేదు. ముందు వరసలో ఉన్నది చర్చి గేటు పక్క ఇల్లు. ఒక తరం భక్తులందరి వంతులనూ పాపం టైలరు ఒక్కడే మోస్తున్నాడు.

ఆరాధన కాగానే అయ్యగారికీ సంఘ పెద్దకూ చెప్పాను. అయ్యగారు నాకంటే ఎక్కువ నవ్వారు. "దీనికి మందేంది?" అని పెద్ద అడిగాడు.

"ఇంటికో నెంబరు ఇస్తే సరిపోతది. పేరుతోని కాకుండ నెంబరుతోని వెతుకుతది."

పెద్ద ముఖం మారిపోయింది. "మనుషులకు నెంబర్లా? రాజు జనాన్ని లెక్కవెట్టించినందుకు దేశంల తెగులొచ్చింది, మర్చిపోయినవా? అండ్ల కంప్యూటర్ల నెంబరు! రేపు నుదుటి మీద గొడ్తవా? లోకం ఆఖర్న వచ్చే మృగం ముద్ర గట్లనే మొదలైతదని మొన్ననే కూటాల్ల చెప్పిండ్రు."

వాక్యం తెలిసినవాళ్ళతో వాదించడం కష్టం. వాక్యం తెలియనివాళ్ళతో వాదించడం ఇంకా కష్టం. నేను రెండు రకాల వాళ్ళ ఇళ్ళలోనూ పెరిగాను కాబట్టి నెంబరు మాట విడిచిపెట్టేశాను. దానికి బదులు ఇంకో ఉపాయం తోచింది. ఒక గడిలో పేరు, పక్క గడిలో ఊరు పిలిచే మారుపేరు. రెండింటినీ అతికించే సూత్రం ఉంది. అతికించిన పేరుతో వెతికితే ఏ ఇద్దరూ ఒకటి కారు.

వినడానికి తేలికే. మారుపేర్లు అడగడానికి ఇంటింటికీ పోయినప్పుడు తెలిసింది. ఎవరూ తమ మారుపేరు ఒప్పుకోరు.

"మీ పేరు వెనక ఊరోళ్ళు ఏమంటరు పెద్దనాయ్నా?"

"నన్నేమంటరు? ఏమనరు."

గోడవతల నుంచి పొరుగామె గొంతు వినబడింది. "బొంకులాయన అంటరు బిడ్డా, రాసుకో!"

"ఆమె మాట వట్టకు. ఆమె బొంకుతది," అన్నాడాయన.

అవ్వ దగ్గరికి చివర్న వెళ్ళాను. గోనెపట్టా కింద రొట్టె కాలుస్తోంది. ఆమె పేరు సంఘంలో ఇంకెవరికీ లేదు. మొగుడి పేరు తీసేసి ఆమె పేరే పెట్టుకుంటే ఏ అతుకూ అక్కరలేదని చెప్పాను.

"నా పేరెందుకు? ఇల్లు నాదా?" అంది. రొట్టె తిప్పుతూ ఆగి, "గోడలు లేపింది ఆయన. నేను మీదికెల్లి రేకులు కప్పిచ్చిన, గంతే. దేవుడు వస్తే ఆయన పేరు మీదనే రావాలె. గ్యాసుబత్తి అని అతుకు. గది చాలు," అంది. నాకొక రొట్టె పెట్టింది. గుమ్మానికున్న తాళాన్ని ఆనుకుని ఇద్దరం తిన్నాం.

శనివారం వచ్చింది. సంగతి ఊరంతా తెలిసింది కాబట్టి మెట్ల మీద, కింద సైకిలు షాపు దాకా జనం. టైలరు వచ్చాడు. అతని భార్య పిండి అంటిన చేతులతోనే వచ్చింది. సూత్రం మార్చానని, ఇప్పుడిక ఎవరి వంతు వారికే పోతుందని అందరికీ చెప్పాను. ఒక్కొక్క మారుపేరు పెట్టి వెతికించి ఎవరి ఇల్లు వాళ్ళకు వస్తున్నదో చూపించాను. బొంకులాయన తన మారుపేరు తెర మీద చూసి కాసేపు అలిగాడు గాని ఇల్లు సరిగ్గా వచ్చినందుకు శాంతించాడు.

అయ్యగారు ప్రార్థన చేశారు. నేను మీట నొక్కాను. టింగుమంది. ఎవరూ ఆమెన్ అనలేదు.

చర్చి గేటు పక్క ఇల్లు. టైలరు అనే అతుకుతో సహా, స్పష్టంగా.

దేవుని ముందు చెబుతున్నాను, ఈసారి సూత్రం తప్పు కాదు. అందరి వంతులూ సమానంగా ఉన్నచోట టైలరు వంతు కూడా ఉంటుంది కదా. అది నిజంగానే అతని వంతు. కానీ ఎవరు నమ్ముతారు? సంఘ పెద్ద టైలరు వైపు తిరిగి, "ఇగ ఒప్పుకో నాయ్నా, మిషిన్ రిపేరైనంక గూడ నిన్నే వట్టింది," అన్నాడు. టైలరు గోడకు చేరగిలబడి కిందికి జారి కూచున్నాడు. మెట్ల మీద నవ్వులు, అరుపులు. అవ్వ గుమ్మంలోంచి లేచి కొంగు దులుపుకుంది.

అప్పుడు టైలరు భార్య జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆమె చేయి పట్టుకుంది.

"అవ్వా, యాడికి పోతున్నవ్? ఈ వారం నీ ఇంటికే."

"జాలి వడి ఇస్తే నాకొద్దని చెప్పిన గదా," అంది అవ్వ.

"జాలా? నీ మీద నాకెందుకు జాలి? నా మీద నాకే జాలైతుంది! ఇన్ని దినాలు ఆ పేరు గల్లోల్లందరి వంతులు మా ఇంట్ల వడ్డయ్. అండ్ల నీ మొగుని వంతు లేదా? నీకు రావాల్సిన ప్రార్థన మేం జేసుకున్నం, నీ వాకిట్ల తాగాల్సిన చాయ్ మా వాకిట్ల తాగిండ్రు. నీది నీకు తిరిగిస్తున్న. పిండి నేనే దెస్త, బజ్జీలు నేనే గాలుస్త, నీ పొయ్యి మీద. మా ఇంట్లకు మాత్రం ఎవ్వరు రాకుండ్రి, దండం వెడ్త!"

అవ్వ ఆ మాటను రూపాయి బిళ్ళను వేలితో మీటి చూసినట్టు చూసింది. తర్వాత నన్నడిగింది. "పోరీ, నువ్వు చదువుకున్నదానివి. ఆమె చెప్పింది లెక్కకు నిజమేనా?"

"నిజమే అవ్వా. ఆయన వంతు అటే పోయి ఉంటది."

"గట్లయితే అది నా వంతే," అంది అవ్వ.

"ఆమెన్," అన్నారు అయ్యగారు. అప్పుడు అందరూ అన్నారు. సంఘ పెద్ద అందరికంటే గట్టిగా అన్నాడు. అన్న తర్వాత నా దగ్గరకు వచ్చి మెల్లగా, "పిల్లా, ఒకసారి వంతు వచ్చినోళ్ళను ఇగ చీట్లల్లకెల్లి తీసెయ్యి. ఎక్కువ డోసు మంచిది గాదు," అన్నాడు.

బుధవారం సాయంత్రం సంఘమంతా వెనక సందులోకి వచ్చింది. మాటలు మానేసిన రెండు కుటుంబాలూ వచ్చాయి, ఆ సందుకు ఒకటే దారి కాబట్టి పక్కపక్కనే నడిచి వచ్చాయి. అవ్వ బొడ్లోంచి తాళంచెవి తీసింది. ఎండకు తాళం బిగుసుకుపోయి తిరగలేదు. టైలరు కుట్టుమిషనుకు వేసే నూనె తెచ్చి రెండు చుక్కలు పోశాడు. తలుపు తెరుచుకోగానే అయ్యగారి కంటే ముందు అవ్వ మేకపిల్ల లోపలికి దూకింది. అవ్వ దాన్ని తిట్టలేదు. గుమ్మం బయట చెప్పులు విడిచి, కుడికాలు ఎత్తి, గాలిలో కాసేపు అలాగే ఉంచి, లోపల పెట్టింది.

గదుల్లో పట్టనివాళ్ళు వాకిట్లో, గోనెపట్టాల కింద కూచున్నారు. పాటలయ్యాయి. అయ్యగారు రెండు చేతులూ ఎత్తి ఇంటి యజమాని పేరు చెప్పి ప్రార్థన మొదలుపెట్టారు. మోకాళ్ళ మీద ఉన్న అవ్వ ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

"అయ్యగారూ, ఉత్త పేరు చెప్పకుండ్రి. మల్ల టైలరింటికి వోతది. గ్యాసుబత్తి అని అతికి చెప్పుండ్రి."

మా అమ్మే ముందు నవ్వింది. నేను చూశాను. అయ్యగారు నవ్వు ఆపుకుని, గొంతు సవరించుకుని, పేరూ మారుపేరూ అతికించి, ఆయన మోసిన బత్తినీ, కట్టిన గోడలనూ, ఆమె కప్పించిన రేకులనూ ప్రభువుకు అప్పగించారు. వెనక పొయ్యి మీద మొదటి వాయి బజ్జీలు చిటపటలాడుతున్నాయి. అవ్వ ఏడుస్తూ, మధ్యలో తలతిప్పి, "మంట తగ్గియ్యే, మాడుతయ్," అని టైలరు భార్యకు చెప్పి, మళ్ళీ ఏడ్చింది.

ఇది చదువుతున్న అక్కా, అన్నా, మీరు ఎక్కడ కూచుని ఉన్నా ఒక్క నిమిషం నాతోపాటు తలవంచండి. కట్టుకున్న ఇంటి బయటే కూచుని వంతు కోసం చూస్తున్నవాళ్ళు మీ సందులోనూ ఒకరుంటారు. వాళ్ళను తలుచుకోండి. ప్రభువా, వాళ్ళ వానాకాలం రాకముందే మా కాళ్ళను వాళ్ళ వాకిట్లోకి నడిపించు, వెళ్ళిన చోట మమ్మల్ని మనసారా నవ్వనియ్యి అని నాతో కలిసి అడగండి. ఆమెన్ మాత్రం మీరు అనండి, నేను వింటాను.